నీళ్లు బంద్ వెట్టిన పిల్ల

మా కాలనీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ‘నీళ్లు బంద్ వెట్టిన పిల్ల’ ఎక్కడుంటుందని అడగండి, పాలు తాగే పిల్లలు కూడా మా క్వార్టర్ చూపిస్తారు. అంతటి బిరుదు తెచ్చిన ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. మా బాపు ముందు మాత్రం వద్దు. ఆయన ఇప్పటికే మీ వాటా కూడా నవ్వేశాడు.

డిగ్రీ కాగానే గోదావరిఖనిలో మా కాలనీకి నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్‌లో నీళ్లు పరీక్షించే పనిలో చేరాను. మూడు నెలలు చూసి, పనికొస్తేనే ఉంచుకుంటామన్నారు. చిన్న గాజుసీసాలో నీళ్లు పోసి మిషన్‌లో పెడితే, అది వాటిలోకి వెలుగు పంపుతుంది. నీళ్లలో కంటికి ఆనని మట్టి రేణువులుంటే వెలుగు వాటికి తగిలి పక్కలకు చెదురుతుంది. చెదిరిన వెలుగును కొలిచి మిషన్ ఒక అంకె చూపిస్తుంది. అది ఒకటి లోపుంటేనే కాలనీకి నీళ్లు వదలాలి. సీసా మీద వేలిముద్ర కూడా ఉండకూడదు, మెత్తటి గుడ్డతో తుడవాలి.

ఆ రోజు వాళ్లిచ్చిన గుడ్డ కనబడలేదు. అమ్మ నా టిఫిన్ డబ్బా చుట్టిచ్చిన తువ్వాల కనబడింది. ఉతికినదే, మెత్తగానే ఉంది. దాంతో తుడిచాను.

అంకె నాలుగు. మళ్లీ తుడిచాను, ఏడు. కొత్త నీళ్లు పట్టి, సీసాను ఇత్తడి చెంబు తోమినట్టు తోమాను. పంతొమ్మిది! కుడితిలో పడ్డ ఎలుకలా గదంతా తిరిగాను. వాల్వు తిప్పే రాజమల్లు కాక తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

“నీళ్లు అద్దమోలె ఉన్నయ్ గదనే బిడ్డ. ఇడువన్నా?”

“వద్దు కాక. మన కంటికి కనవడది, మిషన్‌కు కనవడ్తది.”

ఆ మాట అన్నప్పుడు నా మెడ ఎంత నిటారుగా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అంతలో బొగ్గుగని నుంచి మొదటి షిఫ్టు దిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. పొద్దున్నుంచీ బొగ్గు తొక్కి వచ్చినవాళ్లకు కాలు కడిగే యోగం కూడా లేకుండా చేశాను. ఒంటినిండా మసితో మగవాళ్లు, బిందెలతో ఆడవాళ్లు గేటు ముందు చేరారు. ట్యాంకులో పాము పడిందని ఎవరో అంటే, బజారు చేరేసరికి అది కొండచిలువైంది. నన్ను పనిలో పెట్టుకున్న సార్ ఫోన్ చేసి, అరగంటలో వస్తున్నానన్నారు. నా ఉద్యోగం ఆ అరగంటే అనుకున్నాను.

గుంపులోంచి మా బాపు లోపలికొచ్చాడు. కళ్లూ పళ్లూ తప్ప మిగతాదంతా బొగ్గే. వెలుగు చెదురుతోందని ఏడుపుగొంతుతో చెప్పాను. ఆయన పెద్ద గాజుజాడీలో నీళ్లు పట్టించి, కిటికీ మూయించి, ఫోన్ లైటు పక్కనుంచి వేశాడు.

“బొగ్గుబాయిల దుమ్ము లేస్తే నెత్తిమీది లైటు కట్టెలెక్క నిలవడ్తది. గాలి సాఫ్‌గుంటే లైటు పోయే తొవ్వనే కనవడది. గీ నీళ్లల్ల కట్టె ఏదే?”

నిజంగానే లేదు. తర్వాత లైటు నా చిన్న సీసా మీద వేశాడు. గాజు పైన సన్నటి నల్లటి నలుసులు తళతళమన్నాయి.

“దేంతోని తుడ్శినవ్?”

తువ్వాల చూపించాను. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గిది నా డ్యూటీ తువ్వాల గదనే. మీ అమ్మ పదిసార్లు ఉతికినా గిండ్లకెల్లి బొగ్గు పోదు.”

నీళ్లు కాదు, నేను తుడిచిన కొద్దీ సీసాయే మురికైంది. దాన్ని కడిగి, కొత్త దూదితో తుడిచి పెడితే అంకె ఒకటి లోపే. రాజమల్లు కాక వాల్వు తిప్పడానికి పరిగెత్తాడు. సార్ వచ్చేసరికి నల్లాలు పోస్తున్నాయి. ఏమైందని అడిగారు. బాపే చెప్పాడు.

“ఏం లేదు సార్. మా బిడ్డ నీళ్లల్ల మురికి ఎతికింది. నేను దొరికిన.”

సార్ నవ్వాపుకోలేకపోయారు. ఉద్యోగం దక్కింది.

కనుక ఆ మిషన్ సాక్షిగా, రాజమల్లు కాక వాల్వు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నీళ్లను అనుమానించే ముందు నా చేతిలో గుడ్డను అనుమానిస్తాను. బాపు తువ్వాలను ఇక ముట్టను. దాంతో తుడుచుకోవడానికి తగినవాడు ఆ బాపు ఒక్కడే.