గ్యాలరీలో పరిచిన పేపర్లు

నిన్న రాత్రి ఇంటికొచ్చి సంచి విప్పితే గుప్పుమని క్లోరిన్ వాసన. అడుగున ఎవరిదో ఆకుపచ్చ టవల్, ఇంకా తడి ఆరలేదు. నేను వాటర్ పార్కు నీళ్లలో దిగనే లేదు. మా ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లలో ఎవరో మ్యాచ్ చూసిన సంబరంలో నా సంచిలో కుక్కేసి ఉంటారు. ఉతికి ఆరేయాల్సింది పోయి, దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడిపోయాను. ఆ వాసనకి నాకు రూతక్క మీద బెంగ పుడుతుంది.

నాచారంలో నేను పనిచేసే మందుల కంపెనీలో రూతక్క ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా ఉండేది. చిన్నప్పుడు హాస్టల్ బడిలో హాకీ గోల్‌కీపర్‌గా ఆడిందట. మాత్రల స్ట్రిప్పులు కదిలిపోయే బెల్టు చివర కూడా మోకాళ్లు కాస్త వంచి, చేతులు రెండూ ముందుకు పెట్టి అలాగే నిలబడేది. వెనకాల మేం ఆమెను అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఆమెకు తెలుసు, తెలియనట్టు ఊరుకునేది. చేరిన మొదటి వారమే నేను మాత్రల్లేని ఖాళీ స్ట్రిప్పులు మూడు వదిలేశాను. ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. ఆమె వాటిని ఏరి పక్కన పెట్టింది, మేనేజరుకు చెప్పలేదు. "చేతుల దిక్కు సూడకు స్వరూప, బెల్టు దిక్కు సూడు. నీ చేతులు యాడికి పోవు" అంది. కొత్తగా వచ్చే పిల్లలకు ఇప్పుడు నేను చెప్పేదీ అదే.

ఏడాదికోసారి ఒక ఆదివారం కంపెనీ మాకు, మా పిల్లలకు కలిపి బస్సు ఇచ్చేది. పొద్దున ఘట్‌కేసర్ అవతల వాటర్ పార్కుకు పోవడం, పొద్దుగూకాక రావడం, అంతే. రూతక్క చేతికి వచ్చాక అది మూడు మజిలీలైంది. పొద్దున పార్కు, మూడింటికి సికింద్రాబాద్‌లో అమ్మాయిల హాకీ మ్యాచ్, పొద్దు వాలేవేళ ట్యాంక్‌బండ్ మీద మిర్చి బజ్జీలు. చల్లగా అలల్లో ఆడుకుంటుంటే లేపి తీసుకెళ్లి ఎండలో కూర్చోబెడితే ఎవరు ఊరుకుంటారు? అందరికంటే ఎక్కువ గొణిగింది నేనే. ఇదేం పిచ్చి అక్కా అని మొహం మీదే అడిగాను. "ఆడ జారేటప్పుడు ఎవరికి వాళ్లే అరుస్తం. ఈడ నలభై మందిమి ఒక్క గోల్‌కే అరుస్తం" అంది.

ఆ మొదటిసారి తడి జుట్లతో గ్యాలరీ ఎక్కి, టవళ్లు, పిల్లల నిక్కర్లు రెయిలింగుకు ఆరేస్తే అది చాకిరేవులా తయారైంది. గ్రౌండు చూసుకునే యాదయ్య వచ్చి మెట్లన్నీ తడిపేశారని గొడవపెట్టుకున్నాడు. మరుసటి ఏడాది నుంచి రూతక్క తమ ఇంట్లో ఏడాదంతా దాచిన పాత పేపర్లు తెచ్చి, మాకోసం నాలుగు వరుసల్లో పరిచి, గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక రాయి పెట్టేది. ఆ రాళ్లు ఏరి ఇచ్చేది యాదయ్యే. నాకు ఆట ఓనమాలు తెలియవు. అయినా సగం మ్యాచ్ అయ్యేసరికి, పేరు కూడా తెలియని ఒక పిల్ల బంతిని కొట్టుకుంటూ ఉరుకుతుంటే లేచి కేకలు పెట్టాను. పెళ్లయ్యాక అంత గట్టిగా నోరు విప్పడం అదే మొదలు.

రూతక్క రిటైరవుతూ బెల్టునూ ఈ యాత్రనూ నాకే అప్పగించింది. ఆ ఏడాది, తాను బోడుప్పల్‌లోని ఇంటి నుంచి నేరుగా గ్రౌండుకు వస్తాననీ, మూడింటికల్లా మమ్మల్ని అక్కడికి రమ్మనీ చెప్పింది. పార్కులో రెండు కావస్తుంటే అందరూ నా చుట్టూ చేరి, ఈ ఒక్కసారికి సాయంత్రం దాకా ఇక్కడే ఉందామన్నారు. కొత్త పెత్తనం, వాళ్ల చేత మంచిదాన్ననిపించుకోవాలని నాకూ ఉంది. సరే అన్నాను. ఫోన్లన్నీ లాకర్లో ఉన్నాయి. ఐదు నిమిషాలాగి అక్కకు చెబుదామనుకుంటూనే అలల్లోకి దిగాను. లాకర్ తెరిచేసరికి ఐదైంది. ఆమె నుంచి ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు.

వెంటనే ఫోన్ చేశాను. "మ్యాచ్ మస్తుగుండె స్వరూప. రెండు రెండు. ఆఖరికి ఆ సన్న పిల్ల పండుకోని గోల్ ఆపింది, నేను లేసి నిలవడ్డ" అని మొదలుపెట్టి ఆటంతా చెప్పింది. పిల్లలు మంచిగా ఆడుకున్నారా అని అడిగింది. నేను తప్పైందంటే, గింతదానికేంది అని కొట్టిపారేసింది. సిగ్గులేకుండా నా మనసు తేలికపడింది. వచ్చే ఆదివారం బోడుప్పల్ వెళ్లి కనబడాలనుకున్నాను. అలా ఎన్నో ఆదివారాలు పోయాయి. వానాకాలంలో ఆమె గుండె ఆగిపోయింది. నేను కనబడింది చర్చిలో, ఆమె పెట్టె పక్కన.

మరుసటి ఏడాది అందరినీ మళ్లీ గ్రౌండుకు తీసుకెళ్లాను. అక్క ఏదని యాదయ్య అడిగితే చెప్పాను. చేతిలోని రాళ్లు మెట్టు మీద పెట్టాడు. తర్వాత, "పోయినేడు గూడ నాలుగు వరుసలు పేపర్లు పర్సిందమ్మా. ఇగ రారు అని నేనంటే, తడి బట్టలతోని వస్తరు, ఉండనియ్యి అన్నది. ఆట అయిపోయినంక ఒక్కొక్కటి మడిసి సంచిల వెట్టుకున్నది" అన్నాడు. నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. ఇంత బాధ నేను పెట్టాననే మాట ఆమె నోట రానేలేదు.

అప్పటి నుంచి నేను పార్కుకు వెళ్లను. పొద్దున వాళ్లను బస్సెక్కించి, మధ్యాహ్నం ఉప్పల్‌లో వేరే బస్సు పట్టుకుని గ్రౌండుకు పోతాను. నిన్న కూడా పేపర్లు పరిచాను, రాళ్లు పెట్టాను. మూడు దాటింది, మూడున్నరైంది, వాళ్ల జాడ లేదు. డ్రైవరు నంబరు నా దగ్గరుంది. ఆ రోజు అక్క ఎందుకు ఫోన్ చేయలేదు, కోపమొచ్చిందా, మనసు విరిగిందా అని ఇన్నేళ్లూ తవ్వుకుంటూనే ఉన్నాను. నిన్న ఫోన్ చేతిలో పట్టుకున్నాక అర్థమైంది. పిల్లలు నీళ్లలో ఉండి ఉంటారు. నేను ఫోన్ చేస్తే ఆట మధ్యలో వదిలేసి, తల కూడా తుడుచుకోకుండా పరుగెత్తుకొస్తారు. ఫోన్ సంచిలో పెట్టేశాను.

ఇంకాసేపటికి గేటు దగ్గర తడి జుట్లు కనిపించాయి. ఎంతైందక్కా అని దూరం నుంచే అరిచారు. "ఇంక గోల్ కాలే, జల్ది రాండ్రి" అన్నాను, రాళ్లు తీసి పక్కన పెడుతూ. ఆ మాట అనే సంతోషాన్ని రూతక్కకు ఆ రోజు నేను దక్కనివ్వలేదు.