చిరిగిన అంచు

నేను చెప్పే ముచ్చట్లల్ల సగం తీసేసి, మిగిలినదాంట్ల మళ్ల సగమే నమ్మాలని మా ఇంటామె అందరికీ ముందుగాల్నే చెప్పిపెడ్తది. కట్టంగూర్‌ల మా బాయిల పట్టిన చేప తోక కొలవడానికి ఆటో కిరాయికి తీసుకున్ననని ఒకసారి చెప్పిన. అప్పటినుంచి నా గతి గిదే. అయినా గీ తలుపు ముచ్చట మాత్రం పూర్తిగ నమ్మొచ్చు.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు ఇద్దరం షాద్‌నగర్ దిక్కు పోయి, చిప్సు ప్యాకెట్లు చేసే కంపెనీల చేరినం. నాది లోడింగు, ఆమెది ప్యాకింగు. ప్యాకింగు రూముకు ఎనుక ఒక తలుపుండేది. ఆడోళ్లు ఊకె బయటికి పోతున్నరని సూపర్‌వైజరు దానికి బయటి నుంచి తాళం వేసేటోడు. ఒకరోజు ముందు దారి పక్కనున్న, కవర్లు అతికే మిషన్ కాలి రూమంత పొగ నిండింది. ఆయన తాళంచెవి పట్టుకొని వచ్చేదాంక లోపలున్నోళ్లు ఎనుక తలుపును గుద్దుతనే ఉన్నరు. బయటపడ్డంక మా ఇంటామె పొద్దుగూకేదాంక గా తాళం దిక్కే చూస్కుంట కూసున్నది. ఆమె తిడితే నాకు ఫికర్ లేదు. గట్ల చూస్తేనే భయమైతది.

తెల్లారి మళ్ల తాళం పడ్డది. ఎందుకని అడిగిన ఒకామెను పనికి రావొద్దన్నడు.

సేటు వారానికొకసారి వచ్చేటోడు. ఆ రోజు తాళం కనపడకపోయేది. ఆయనకు చాయ పోసే అవ్వ ధైర్యం చేసి తాళం సంగతి చెప్పింది.

"నువ్వు లోపల పనిచేస్తవా అవ్వా?" అన్నడు సేటు. "పనిచేసేటోళ్లే చెప్పాలె. పేరు లేని చీటీలు గేటుకాడి డబ్బల మస్తు పడ్తయి. పక్క కంపెనీ కాంట్రాక్టరు రాయిస్తుండు, నాకు తెల్వదా?"

పేరు పెడితే పని పోతది. పెట్టకుంటే నమ్మడు. అబద్ధాలు అల్లే నా బుర్రకు గప్పుడు పని దొరికింది.

"ప్యాకింగోళ్లు, నేను కలిపి మనం పందొమ్మిది మందిమి. పందొమ్మిది ముక్కలు చేసి, ఒక్కోదాన్ని మళ్ల రెండుగ చింపుదం. ఒక సగం సేటు కాడ, ఒక సగం మన కాడ. చీటీ మన సగం మీదనే రాయాలె. అంచు అతికిందంటే మనోళ్లదే. ఆయన కాడున్న సగం చూడకుండ గా అంచుకు అతికేటట్టు ఎంత తెలివిగల్లోడైన, ఎన్ని కంప్యూటర్లు పెట్టినా చింపలేడు. మన సగాలను ఒక సంచిల కలిపి కండ్లు మూసుకొని తీసుకుంటే, ఏది ఎవరిదో సేటుకు గూడ తెల్వది."

"గిది గూడ చేప తోకేనా?" అన్నది మా ఇంటామె.

చాయ పోసే అవ్వ పోయి చెప్తే, సేటు నవ్వుకుంటనే ఒప్పుకున్నడు. మొదటిసారి పాత క్యాలెండర్ చింపిన. దేవుని బొమ్మ చింపుడేందని ఒకామె, దేవుని బొమ్మను నేను ముట్టనని చర్చికి పోయే ఇంకొకామె. ఎట్లనో ఒప్పించి పంచితే, తీసుకున్నరో లేదో మొదలుపెట్టిన్రు.

"అక్కా, నాకు ఏనుగు తొండం వచ్చింది. నీకేమొచ్చింది?"

"నాకు తామరపువ్వు, వదినా!"

చాయ చల్లారకముందే ఎవరి ముక్క ఏందో కంపెనీల కుక్కకు గూడ తెలిసిపోయింది. అన్నీ పొయ్యిల వేసిన.

రెండోసారి సిమెంటు సంచి కాగితం తెచ్చిన. అంతా ఒకటే రంగు, చెప్పుకోనీకి ఏం లేదు. సేటు సగాలు అవ్వతోని పంపినం. దస్తూరి పట్టుపడకుండ ఎడమచేత్తో రాయాలన్నం. నాదేమో పుట్టుకతోనే ఎడమచేతి వాటం, కుడిచేత్తో రాయమన్నరు. ఇంకో మాట గూడ అనుకున్నం: సేటు డబ్బ తెరిచిన రోజే, రాయనోళ్లంత తమ సగాలను కాలబెట్టాలె. లేకుంటే చేతుల ముక్క లేనోళ్లే రాసిన్రని తెలిసిపోతది.

ఎవరో చీటీ వేసిన్రు, అంచు అతికినట్టుంది. డబ్బ తెరిచిన మూడో రోజు, చెప్పకుండ, పట్టపగలు సేటు కారు వచ్చింది. సక్కగ ఎనుక తలుపు కాడికే పోయిండు. తాళం తీయించి, జేబుల వేసుకొని పోయిండు.

ఆయన కారు గేటు దాటంగనే సూపర్‌వైజరు అందరినీ వరుసల నిలబెట్టిండు. "మీ సగాలు చూపియ్యిండ్రి."

అన్నీ ఖాళీ చేతులే. నా కాడికి వచ్చి ఆగిండు. "గిసొంటి ఉపాయం నీకే వస్తది. నువ్వే రాసినవ్. రేపటికెళ్లి రాకు."

నా సగం నా అంగీ జేబులనే ఉంది. రేపు ముచ్చట చెప్పేటప్పుడు చూపిద్దామని కాలబెట్టలేదు. తీసి చూపితే నేను బతికిపోత. అప్పుడు అనుమానానికి పద్దెనిమిది మందే మిగుల్తరు. మా ఇంటామె వరుసల నాలుగో మనిషి. నన్నే చూస్తున్నది.

దగ్గినట్టు చేసి, ముక్కను నోట్లె వేసుకొని నమిలిన.

"ఏం తింటున్నవ్?"

"తంబాకు సార్."

"చీటీ నువ్వే రాసినవు కద?"

"నేనే సార్! నా రాత చూసి సేటు ఏడ్చిండు. నన్ను కారుల కూసోబెట్టుకొని హైదరాబాద్ తీస్కపోయి..."

వరుసంత కిసుక్కుమన్నది. ఆయన చెయ్యి ఊపిండు. "పో, పనికి పో. నువ్వు రాసిననంటే రాయనట్టే."

గా సిమెంటు కాగితం నా కడుపుల గట్టిపడ్డది. అప్పటికెళ్లి రాళ్లు తిన్నా అరుగుతయి. రాసిందెవరని గా రాత్రి మా ఇంటామెను అడిగిన.

"సేటుకే తెల్వదు, నీకెందుకు?" అని అటు తిరిగి పండుకుంది.

తెల్లారి చాయ తాగనీకి మాత్రం ఎనుక తలుపులకెళ్లే బయటికి వచ్చింది.