అటుపక్క నుంచి అందిన మాటలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. బోధన్‌లో జరిగినదాని తర్వాత కూడా నమ్మడం లేదు. ఆ రోజుల్లో డైరీలో రాసుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

నిజామాబాద్ కాలేజీలో చదివేటప్పుడు నేను నాటక సంఘంలో ప్రాంప్టర్‌ని. నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గు. తెరచాటున నిలబడి, పుస్తకం చూసి మాట అందించడం నాకు సరిపోయింది.

ఆ ఏడాది మూడు నాటకాలు వేశాం. మొదటిది కాలేజీలోనే. నాయిక వేషం వేసిన శారద మాట మరిచి మధ్యలో ఆగిపోయింది. ఈలలు. రెండోది ఆర్మూరులో ఎలాగో గట్టెక్కింది. మూడోది బోధన్ చక్కెర ఫ్యాక్టరీ హాల్లో. అది కూడా ఆగితే ఆడపిల్లలను ఇక నాటకాల్లోకి రానివ్వనని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు.

ముందురోజే, మాకు నాటకాలు రాసి నేర్పించే మాస్టారు చివరి రంగం మొత్తం మార్చి రాశారు. ఉన్నది ఒక్కటే ప్రతి. శారదతో చదివించి, ఆ కాగితాలను హాస్టల్లో దిండు కింద పెట్టి, అక్కడే మరిచిపోయాను. చివరి రంగానికి తెర లేచాక గానీ చూసుకోలేదు.

శారద నాలుగు మాటలు చెప్పి ఆగింది. నా వైపు చూసింది. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. బయట బారులు తీరిన చెరుకు బండ్ల ఎడ్ల గంటలు హాల్లోకి వినిపిస్తున్నాయి.

అప్పుడు వేదికకు అటుపక్క నుంచి ఒక ఆడగొంతు మెల్లగా మాట అందించింది. శారద అందుకుంది. చివరిదాకా అంతే, ఎక్కడ తడబడితే అక్కడ. అన్నీ మాస్టారు రాసిన మాటలే. విన్నాక నాకూ గుర్తొచ్చాయి.

తెర పడగానే వెళ్లి చూశాను. అటుపక్క మనిషి నిలబడే చోటే లేదు. గోడదాకా బెంచీలు పేర్చి ఉన్నాయి. వాటి మీద దుమ్ము చెదరలేదు.

శారద పరుగున వచ్చి నన్ను పట్టుకుంది.

“ఏందే సుజాతా, చెప్పకుండ అటు పోయినవ్? నా పానం పోయిందనుకో!”

“నేను నా జాగకెల్లి కదలలే. కాయితాలే తేలే.”

“సాలు తీ. నీ గొంతు నాకు తెల్వదా?”

తండ్రి వేషంలో ఉన్న ఖాజా గడ్డం ఊడదీసుకుంటూ నవ్వాడు. “నేను గూడ విన్న. గంత మంచి గొంతు పెట్టుకొని రోజు పిల్లి లెక్క ఉంటవేంది?”

ఇద్దరూ పొరబడ్డారనుకున్నాను. ఆ గొంతు నేనూ విన్నాను. నాది కాదు.

మరుసటి నాటకానికీ శారదే నాయిక. దాని రిహార్సల్‌కు మాస్టారు టేప్ రికార్డర్ తెచ్చి, అందరిచేతా తలా రెండు వాక్యాలు చదివించి వినిపించారు. నా గొంతు బయటి నుంచి వినడం నాకదే మొదటిసారి.

బోధన్‌లో విన్నది ఆ గొంతే.

ఆ చివరి రంగం నడిచినంతసేపూ నేను నోరు విప్పలేదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను. బెంచీల వెనక నుంచి మాట్లాడిందెవరో మాత్రం నేటికీ చెప్పలేను.