భోంచేశావా అని అడిగే స్వాతి

మా చెల్లెలి కూతురికి ఇంట్లో కంప్యూటర్ వచ్చినప్పటి నుంచీ చాటింగే లోకం. దాన్ని కాస్త ఆటపట్టిద్దామని గోపాలపట్నం నెట్ సెంటర్‌లో కూర్చుని, పదో తరగతి తప్పిన నేను భీమిలిలో తొమ్మిది చదివే స్వాతినంటూ దాంతో చాటింగ్ మొదలుపెట్టాను. కొన్నాళ్ళు కబుర్లు బాగానే సాగాయి.

ఇవాళ సాయంత్రం అది ఇలా రాసింది: "ఈ వారం నాన్నకి ప్లాంటులో నైట్ షిఫ్ట్. ఇంట్లో నేనూ అమ్మే. భయంగా ఉంది, రేపు వస్తావా?" కిందనే ఇంటి అడ్రసు కూడా పెట్టేసింది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ స్వాతి నేను కాక ఇంకెవడైనా అయ్యుంటే? తిన్నగా వాళ్ళింటికి వెళ్ళి, స్వాతిని నేనేనని చెప్పేశాను.

పిల్ల మొహం వాడిపోయింది. "మావయ్యా, అమ్మకి సెప్పకు. కంప్యూటర్ తీసేత్తాది."

"సెప్పన్లే. ముక్కూ మొహం తెలీనోళ్ళకి నాన్న డ్యూటీ, ఇంటి అడ్రసూ సెప్పేత్తావేటే?"

"స్వాతి రోజూ భోంచేశావా అని అడిగేది. నువ్వెప్పుడైనా అడిగావేటి?"

ఇల్లు, స్కూలు, నాన్న షిఫ్టు సంగతి నెట్‌లో ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఈ వారం రాత్రుళ్ళు నా పడక వాళ్ళ ముందుగదిలోనే.

ఇందాక దాన్ని పిలిచి, "భోంచేశావా?" అని అడిగాను.

"ముందు నువ్వెవరో సెప్పు, అప్పుడు సెప్తాను" అంది.

పాఠం ఎక్కినట్టే ఉంది. ఇంతకీ మీ ఇంట్లో పిల్లల్ని ఆ మాట అడిగేది మీరేనా, ఇంకెవరైనా స్వాతా?