ఉన్నారా అండీ?

కైకలూరులోని మా ఆఫీసులో ఒక్కో చెరువు చేపల అమ్మకానికి బ్లాక్‌చెయిన్‌లో ఒక్కో స్మార్ట్ కాంట్రాక్ట్, అంటే అమ్మకం షరతులను తనే అమలు చేసే చిన్న ప్రోగ్రాం, పుట్టించేవాళ్లం. వాటిని రాసినావిడ భీమడోలు నుంచి వచ్చేవారు. కొత్తది పుట్టగానే దాని అడ్రసును, వాటన్నిటినీ పుట్టించే అసలు కాంట్రాక్ట్‌లో దాచేవారు. తర్వాత ఆ అడ్రసుతో దాన్ని పిలిచి, "ఉన్నారా అండీ?" అని స్క్రీన్‌ను అడిగేవారు. జవాబు వచ్చాకే టీ తాగేవారు.

ఆవిడ సెలవు పెట్టిన రోజు, అడ్రసు దాచే లైను దండగని మా ఓనరుగారు తీసేశారు. కాంట్రాక్ట్ పుట్టింది. ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. అది సరేననందే చేపలు లారీ ఎక్కవు. తెచ్చిన ఐసు కరిగిపోతోంది. ఓనరుగారు ఆవిడకు ఫోన్ చేశారు.

"ఉన్నారా అండీ?"

"ఉన్నానండీ. నా నంబరు మాత్రం దాచుకున్నారన్నమాట."

ఆవిడ బ్లాక్‌చెయిన్‌లో నమోదైన ఆ రోజు లావాదేవీల్లో వెతికి అడ్రసు చెప్పారు. లారీ కదిలాక ఓనరుగారు ఆ లైను మళ్లీ రాశారు. టీ తాగబోయి ఆగి, స్క్రీన్‌ను మర్యాదగా అడిగారు.