ఖాళీ బండికి టెస్ట్ డ్రైవ్

రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, ఒక ఆగస్టు మొదటి వారంలో, నేను అమెరికాలో, ఇర్వింగ్‌లోని ఒక గ్యారేజీలో లీడ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. మిగతా మెకానిక్కుల పని సరిచూసి వర్క్ ఆర్డర్ మీద సంతకం పెట్టేది లీడ్ టెక్నీషియనే. ఆ సంతకం పడనిదే బండి గేటు దాటకూడదు. ఆ వారం వచ్చిన ఒక పాత పికప్ ట్రక్కుకు మాత్రం పనీ నేనే చేశాను, సంతకమూ నేనే పెట్టుకున్నాను.

ట్రక్కు వసుంధర గారిది. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు మండపాలు కట్టడం ఆమె పని. స్తంభాలు, పీటలు అన్నీ ట్రైలర్‌లో నింపి ఈ ట్రక్కుతోనే లాగేవారు. హైవే మీద వేగం అందుకునేటప్పుడు ఇంజన్ తడబడుతోందని తెచ్చారు. చూస్తే ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడింది. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టులను వేల వోల్టులకు పెంచి ప్లగ్గులో స్పార్క్ పుట్టించేది అదే. బరువు లాగే బండి కదా, ఇంకా శక్తిమంతమైన కాయిల్ వేద్దామన్నాను. ఆమె సరేనన్నారు.

కొత్త కాయిల్ పెట్టెలో ఒక కాగితం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా కాయిళ్ళు బిగిస్తున్నవాడికి కాగితమెందుకని దాన్ని చదవలేదు. ఎండ ముదరకముందే ట్రక్కును వీధి చుట్టూ ఒక్కసారి తిప్పి, ‘టెస్ట్ డ్రైవ్ ఓకే’ అని రాసి తాళాలిచ్చేశాను. మా వృత్తిలో అందరం చేసేది అదే.

గురువారం మధ్యాహ్నం, చెడిన బండ్లను లాక్కొచ్చే టో కంపెనీవాళ్ళు ట్రక్కునూ, నిండా సామానున్న ట్రైలర్‌నూ తెచ్చి మా ముందు దింపారు. హైవే మధ్య లేన్‌లో ఆగిపోయిందట. వెనకొచ్చిన లారీ వెంట్రుకవాసిలో తప్పుకుందని, వాళ్ళతోపాటే వచ్చిన వసుంధర గారు చెప్పారు. నాకు తల కొట్టేసినంత పనైంది.

“శనివారం పొద్దున తొమ్మిదికల్లా ప్లేనోలో మండపం రెడీగా ఉండాలి అంకుల్. రెంటల్ ట్రక్‌కి ట్రైలర్ తగిలించనివ్వరు. మీవల్ల అవుతుందా అవదా, ఉన్నదున్నట్టు చెప్పండి” అన్నారు.

అవుతుందన్నాను. ఎలాగో అప్పటికి నాకే తెలియదు.

మా మేనేజర్ డేల్ నన్ను పక్కకు పిలిచి, పాత బండి, ఫ్యూయల్ పంప్ పోయి ఉంటుంది, ఆమెతో అలాగే చెప్పమన్నాడు. పరీక్షించి చూడకుండా ఆ మాట చెప్పనన్నాను. చల్లబడిన ఇంజన్ ఇప్పుడు బుద్ధిగా నడుస్తోంది. అది మళ్ళీ చెడితే తప్ప దాని రోగం తెలియదు. ట్రక్కును ఎండలో నిలిపి, ఏసీ పెట్టి, ఇంజన్‌ను రేస్ చేస్తూ కూర్చున్నాను. ముప్పావుగంటకు ఆగింది. టెస్టర్ పెట్టి చూస్తే స్పార్క్ లేదు. కాయిల్‌కు కరెంటు ఇస్తూ ఆపుతూ ఉండే ఇగ్నిషన్ మాడ్యూల్ మీద తడిగుడ్డ వేశాను. కాసేపటికి ఇంజన్ అందుకుంది. మాడ్యూల్ వేడెక్కి చేతులెత్తేస్తోంది, అంతే. అప్పుడు కాగితం తీశాను. ఈ కాయిల్ ఎక్కువ కరెంటు లాగుతుంది, దీనికి సరిపడే మాడ్యూల్ కూడా వేయాలి అని మొదటి వాక్యంలోనే ఉంది.

తప్పు నాదేనని ఆమెకూ డేల్‌కూ చెప్పి, వర్క్ ఆర్డర్‌లో కూడా రాశాను. డేల్ మొహం మాడ్చుకున్నాడు.

సరైన మాడ్యూల్ శుక్రవారం మధ్యాహ్నానికి గానీ రాలేదు. కింద వేడిని లాగే పేస్ట్ రాసి బిగించాను. మూడింటికి, మంచి ఎండలో, నిండు ట్రైలర్ తగిలించి, వసుంధర గారిని పక్కన కూర్చోబెట్టుకుని ప్లేనో దాకా వెళ్ళి వచ్చాను. నమ్మకం చాలక రెండోసారీ వెళ్ళాను. ఎక్కడా తడబడలేదు.

“మొదటిసారే ఇలా చేసుంటే సరిపోయేది కదా అంకుల్” అన్నారామె, తిరిగొస్తూ.

“అవునమ్మా” అన్నాను.

శనివారం ఎనిమిదిన్నరకు, మండపం నిలబెట్టామని మెసేజ్ పెట్టారు.

సోమవారం నుంచి గ్యారేజీలో ఒక నియమం పెట్టాను. బండి ఎంత బరువుతో, ఏ వేళప్పుడు, ఏ రోడ్డు మీద మొరాయించిందో అడిగి రాసుకుని, అచ్చం అలాగే నడిపి చూశాకే సంతకం. మెకానిక్కులు గొణిగారు, నేను వినలేదు. ‘టెస్ట్ డ్రైవ్ ఓకే’ అని నేను రాసిన రోజున, ఆమె బండిని ఆమె నడిపినట్టు ఒక్క మైలు కూడా నడపలేదు.