మేస్త్రి పట్టమన్న వాన నీళ్లు

తెల్లవారినప్పటి నుంచి వాన. మిరప నారుమడి గట్టు ఒకచోట తెగితే పారతో సరిచేస్తున్నాను. ఎనిమిదింటికి దమ్మపేట బస్సు రోడ్డు మీద ఆగింది. కండక్టర్ తల బయటపెట్టి, "మీ బ్యాటరీ మేస్త్రి రాత్రి పోయిండు. మధ్యాహ్నం శవాన్ని తీస్తరంట" అని చెప్పాడు. బస్సు వెళ్లిపోయింది. గట్టు పూర్తిగా వేసిన తర్వాతే ఇంటికి వచ్చాను. సగంలో వదిలేస్తే నారు కొట్టుకుపోతుంది.

మేస్త్రి ములకలపల్లిలో ఇరవై ఏళ్లకు పైగా బ్యాటరీలు చార్జింగ్ చేశారు. చూపు తగ్గాక దమ్మపేటలో కూతురి దగ్గరికి వెళ్లారు. ఆయన చొక్కాలన్నింటికీ పొట్ట దగ్గర చిన్న చిన్న చిల్లులు ఉండేవి, యాసిడ్ చిందినవి. కొత్త చొక్కా వేసుకున్నా నెల తిరిగేసరికి అంతే.

మా ఊళ్లో అప్పట్లో ఒకటే కారు. అది నాది. పెళ్లిళ్లకు, భద్రాచలం దర్శనానికి, దవాఖానాకు కిరాయికి తిప్పేవాణ్ణి. పదిహేను రోజులకోసారి బ్యాటరీ పడుకునేది. కిరాయికి వచ్చినవాళ్లు డోరు మీద చెయ్యి వేసి, "ఎక్కాల్నా, నూకాల్నా?" అని అడిగేవాళ్లు.

మేస్త్రి చార్జింగ్ పెట్టి ఇచ్చేవారు. "ఏం నీళ్లు పోస్తున్నవ్ తమ్మీ?" అని ఒకసారి అడిగారు. శుభ్రమైనవే అన్నాను. ఆయన నమ్మారు.

పదమూడేళ్ల కిందట, ఇలాంటి వానాకాలంలోనే, చెల్లెలు తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, తన వల్ల కాదు, భద్రాచలం తీసుకుపొమ్మంది. కారు కదలలేదు. నలుగురు తోస్తే స్టార్ట్ అయింది. ఇంజిన్ ఆపకుండా ములకలపల్లి దాకా వచ్చి మేస్త్రి దుకాణం ముందు నిలిపాను.

ఆయన వెనక సీట్లోకి ఒకసారి చూసి, "బండి ఆపు" అన్నారు.

"ఆపితే మళ్ల లేవదు మేస్త్రీ."

"అడవిల ఆగితే ఎవరు నూకుతరు? ఇక్కడ్నే ఆపు."

ఆపాను. చార్జింగ్ అయి సిద్ధంగా ఉన్న బ్యాటరీ ఒకటే ఉంది. అది ఒక కలప కాంట్రాక్టరు జీపుది, సాయంత్రం ఇవ్వాల్సింది. మేస్త్రి దాన్నే ఎత్తుకొచ్చారు. ముందు ఎర్త్ వైరు విప్పారు, తర్వాత రెండోది. వైర్ల కొసలకు పచ్చగా పట్టిన బూజు మీద వేడినీళ్లు పోసి, గరుకు కాగితంతో తోమి, తుడిచారు. అమ్మకు ఓపిక పోయింది.

"ఏందయ్యా, దాన్ని పెండ్లికొడుకును చేస్తున్నవా? లోపల నా బిడ్డ సస్తాంది."

"అవ్ తల్లీ. నడిమిట్ల అలిగితే మీకే కష్టం" అన్నారు, తల ఎత్తకుండా. బిగించారు. చేతితో ఊపి చూశారు. ఆ తర్వాతే గ్రీజు రాశారు.

తాళం తిప్పగానే బండి అందుకుంది.

అడవి దాటే ముందు వాగు చప్టా మీద జానెడు నీళ్లు పారుతున్నాయి. సరిగ్గా మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది. బండిలో అమ్మ, చెల్లెలు, తోడు వచ్చిన మంత్రసాని, నేను. రోడ్డు మీద ఇంకెవరూ లేరు. దిగి ప్లగ్గుల వైర్లు పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ తాళం తిప్పాను. రెండోసారికి లేచింది. చెల్లెలు అరుస్తూనే ఉంది. భద్రాచలం దవాఖానా దాకా బండి మళ్లీ ఆగలేదు.

మూడో రోజు తిరిగి వచ్చి దుకాణం దగ్గర ఆగాను. కాంట్రాక్టరు వచ్చి పెద్ద లొల్లి చేసి పోయాడని పక్కనున్న టీ కొట్టాయన చెప్పాడు. మేస్త్రి ఆ మాట ఎత్తలేదు. "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" అని అడిగారు. ఆడపిల్ల అన్నాను. "తల్లి?" అన్నారు. బాగుందన్నాను. అప్పుడు నా పాత బ్యాటరీని బేసిన్‌లోకి వంచారు. అడుగున బురద దిగింది.

"ఇవి ఎక్కడి నీళ్లు?"

"గోదావరివి మేస్త్రీ."

భద్రాచలం వెళ్లినప్పుడల్లా ఒక సీసా నింపుకొచ్చేవాణ్ణి. వానాకాలం నది ఎర్రగా ఉంటే ఒక రోజంతా కదపకుండా ఉంచి, పైన తేరినవి పోసేవాణ్ణి. అంతకన్నా మంచి నీళ్లు ఇంకెక్కడ ఉంటాయని నా నమ్మకం.

ఆయన నవ్వలేదు. బురదను వేలితో కాసేపు కదిపారు. "రాములవారికి మంచివే. దీనికి మాత్రం ఏమీ లేని నీళ్లు కావాలె. మట్టి వద్దు, ఉప్పు వద్దు, పుణ్యం గూడ వద్దు" అన్నారు. తర్వాత, "తప్పు నాది. ఏం నీళ్లని అడిగిన గని, ఎక్కడివని అడగలే" అన్నారు.

బ్యాటరీకని దుకాణంలో అమ్మే సీసా నీళ్లు దొరకనప్పుడు వాన నీళ్లు పట్టుకోమని ఆ రోజే నేర్పారు. చూరు కింద పట్టకూడదు. వాకిలి మధ్యలో స్టూలు వేసి, దాని మీద పింగాణీ జాడీ పెట్టాలి. "మొదటి అరగంట వాన దుమ్ముది. తర్వాతది బ్యాటరీది" అనేవారు. పని లేకపోయినా వారానికోసారి బండిని బయట తిప్పుకు రమ్మనేవారు. ఈ పదమూడేళ్లలో బ్యాటరీ రెండుసార్లే మార్చాను. కారును తోసే పని మా ఊరివాళ్లు మరిచిపోయారు.

ఇవాళ గట్టు వేసి ఇంటికి వచ్చేసరికి అమ్మ చీర మార్చుకుని అరుగు మీద కూర్చుని ఉంది. వార్త అప్పటికే చేరింది. "బ్యాటరీ చూసినవా?" అని అడిగింది. మూతలు తీసి చూశాను. ఒక అరలో నీళ్లు కొంచెం తగ్గితే, పోయిన వానకు పట్టి ఉంచినవి పోశాను. ఈ వానకు పొద్దున్నే పెట్టిన జాడీ వాకిట్లో స్టూలు మీద ఉంది. సగానికి పైగా నిండింది. దాన్ని తీయలేదు.

తొమ్మిదిన్నరకు అమ్మ, పుట్టింటికి వచ్చి ఉన్న చెల్లెలు, చెల్లెలి పెద్దకూతురు, నేను దమ్మపేటకు బయలుదేరాం.